బయోటెక్ గ్రూపు ఎత్తేయకండి, డెల్టాలోకి నడిపించండి

గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, బయోటెక్నాలజీ సిలబస్ రాసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, రాష్ట్ర ఉన్నత విద్యామండలి పెద్దలకు,

నమస్కారమండి.

బీఎస్సీ బయోటెక్నాలజీలో చేరేవాళ్లు తగ్గిపోయారని, ఇక ఆ గ్రూపు నడపడం దండగని కొన్ని కాలేజీల్లో మాట నడుస్తోంది. ఆ సీట్ల స్థానంలో కంప్యూటర్స్ పెడితే నిండుతాయని లెక్క వేస్తున్నారు. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాను. గ్రూపు తీసేయొద్దని అడుగుతున్నాను. అలాగని ఇప్పుడున్నట్టే నడపమనీ అడగడం లేదు.

నేను డెల్టాలోనే ఒక కాలేజీలో బయోటెక్నాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివాను. బయట ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో ఒక టీకాల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసి, ఇప్పుడు భీమవరం దగ్గర రొయ్య సీడు, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లల్ని, పరీక్షించే ల్యాబు చూసుకుంటున్నాను. డీఎన్ఏ ముక్కను కోట్ల రెట్లు పెంచి రోగాన్ని పట్టిచ్చే పీసీఆర్ మిషన్ల మధ్యే నా రోజు గడుస్తుంది. సీడు కవరు పట్టుకుని వచ్చే రైతులు రిపోర్టు కోసం కూర్చున్నప్పుడు పిల్లల చదువుల సంగతి ఎత్తుతారు. "మా పాప ఇంటరు బైపీసీ అయిందమ్మా, నీట్‌లో సీటు రాలేదు. బయోటెక్కులో వేద్దామనుకుంటున్నాం. రేపు ఏమన్నా ఉద్యోగం వచ్చుద్దంటారా?" అని అడుగుతారు. వచ్చుద్ది అని ఒక్క ముక్కలో చెప్పలేను, రాదని అంతకన్నా చెప్పలేను. ఆ పాప చేతికి మూడేళ్లలో ఏ పని వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది జవాబు. ఆ పని నేర్పించేది మీరు. అందుకే మీకు రాస్తున్నాను.

రొయ్యతోనే మొదలుపెడతాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య చెరువుల్ని ఎలా ఊడ్చేసిందో మీలో పెద్దవాళ్లు కళ్లారా చూసుంటారు. ఎకరాల కొద్దీ చెరువులు ఖాళీ అయ్యాయి, అప్పులు మిగిలాయి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకి అనుమతి వచ్చాక పంట మళ్లీ లేచింది. వనామీ తల్లిరొయ్యలు ఫలానా రోగాలు లేవని పరీక్షించిన మందల నుంచి విమానంలో వస్తాయి. చెన్నై క్వారంటైన్‌లో మళ్లీ పరీక్షలు దాటాకే రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకు చేరతాయి. అక్కడ అవి గుడ్లు పెడతాయి, గుడ్లలోంచి నాప్లీలనే పసికూనలు వస్తాయి, అవి పీఎల్ అనే చిన్న రొయ్యపిల్ల దశకు వచ్చాక మన రైతు చెరువుకు వస్తాయి. ఈ దారిలో అడుగడుగునా ఒక మాలిక్యులర్ పరీక్ష, అంటే రోగం తాలూకు డీఎన్ఏని వెతికే పరీక్ష, ఉంది, ఆ పరీక్ష చేసే మనిషి ఉండాలి. భీమవరం, ఆకివీడు, నరసాపురం, అమలాపురం, కాకినాడ వైపు ఎన్ని ల్యాబులున్నాయో, ఎన్ని హేచరీలున్నాయో ఒకసారి బండి మీద తిరిగి చూడండి.

ఆ పరీక్షలో ఎంత చదువుందో కూడా చెప్పనివ్వండి. రైతు ఒక్కోసారి ఇరవై పిల్లల్ని కవర్లో వేసుకొచ్చి "చూసి చెప్పమ్మా" అంటాడు. సీడులో వందకి రెండింటికి వైరస్ ఉందనుకుంటే, ఇరవై పిల్లల్ని పరీక్షిస్తే అది మన కంటపడే అవకాశం మూడో వంతే. మూడింట రెండుసార్లు రోగమున్న సీడుకే మంచిదని కాగితం వెళ్లిపోతుంది. నూట యాభై పిల్లలు కలిపి తీస్తే నూటికి తొంభై అయిదు సార్లు దొరుకుతుంది. అందుకే నూట యాభై తెమ్మంటాం. ఇది సంభావ్యత పాఠం. బోర్డు మీద నాణేలు ఎగరేసి చెప్పే పాఠాన్ని సీడు కవరు ముందు పెట్టుకుని చెబితే మన పిల్లలకి జన్మలో మరుపు రాదు, వాళ్లింట్లో చెరువుంటుంది కాబట్టి. కాస్త పెద్ద పిల్లలైతే కళ్లు తీసేసి మిగతాది నూరాలి, కంటిలోని పదార్థాలు పీసీఆర్‌ని అడ్డుకుంటాయి కాబట్టి. మిషన్లో ప్రతి చక్రానికీ డీఎన్ఏ రెట్టింపవుతుంది. ముప్ఫై చక్రాలు తిరిగేసరికి ఒక్క ముక్క నూట ఏడు కోట్లకు పైగా అవుతుంది. అంత పెంచే మిషను కనుకే, టేబుల్ మీద కంటికి కనపడని తుంపర పడినా రోగం లేని సీడుకు రోగముందని చూపిస్తుంది. డీఎన్ఏ తీసే గది వేరు, మిక్సు కలిపే చోటు వేరు, పెరిగిన డీఎన్ఏని గీతల్లా చూపించే జెల్ నడిపే చోటు వేరు అన్న క్రమశిక్షణ అక్కడి నుంచే వచ్చింది.

ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి మాట చూడండి. దానివల్ల రొయ్య చావదు, పెరగడం మానేస్తుంది. మేత తింటూనే ఉంటుంది, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మాత్రం రాదు. రెండు నెలలు దాటాక గానీ రైతుకి తెలియదు, అప్పటికే మేతకి లక్షలు పోసి ఉంటాడు. దానికి మందు లేదు. దాని బీజాలు చెరువు అడుగు మట్టిలో ఉండిపోతాయి, తర్వాతి పంటకూ తగులుతాయి. సీడు వేయకముందే పట్టుకోవాలి, చెరువు ఎండబెట్టి సున్నం పట్టించాలి, అంతకన్నా దారి లేదు. ఇంకోవైపు విబ్రియో అనే బ్యాక్టీరియా. దాన్ని పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు మీద పసుపు కాలనీలెన్ని, పచ్చవెన్ని అని లెక్కపెట్టి చెప్పే పని ఏ మైక్రోబయాలజీ విద్యార్థికైనా మొదటి ఏడాదిలోనే రావాలి. మా ల్యాబుకి వచ్చిన డిగ్రీ పిల్లల్లో ప్లేటు చూసినవాళ్లు ఉన్నారు. ప్లేటు తామే పోసి, దాని మీద శాంపిల్‌ని తామే గీసి (స్ట్రీక్ చేసి), మర్నాడు తామే లెక్కపెట్టినవాళ్లు చాలా అరుదు.

చెరువులో రొయ్య పట్టుబడి అయ్యాక కూడా పరీక్షలే. మన రొయ్యలో నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు దొరుకుతున్నాయని యూరప్ వాళ్లు 2016లో తమ రేవుల్లో తనిఖీ చేసే సరుకు వాటాను పదిశాతం నుంచి యాభైకి పెంచారు. నైట్రోఫ్యురాన్లు, క్లోరాంఫెనికాల్ లాంటివి టన్ను రొయ్యలో ఒక మిల్లీగ్రాము ఉన్నా పట్టుకునే పరీక్షలివి. ముందు యాంటీబాడీలతో రంగు చూపించే ఎలైజా పరీక్ష చేస్తారు, అనుమానమొస్తే అణువుల బరువు చూసి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్ మిషను మీద ఖాయం చేస్తారు. ఒక కంటైనర్ వెనక్కి వస్తే ప్రాసెసింగ్ ప్లాంటుకే కాదు, కిలోకి ఎంత ధర పలుకుతుందో చూసుకునే రైతుకూ దెబ్బే. ఎలైజా చేయగలిగిన, ఆ ఫలితం ఎందుకు నమ్మాలో ఎందుకు నమ్మకూడదో చెప్పగలిగిన కుర్రాడు ప్రతి ప్లాంటుకీ కావాలి.

రొయ్య ఒక్కటే అనుకుంటే పొరపాటు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం మన పక్కనే ఉంది. 1982లో అక్కడి నుంచి వచ్చిన ఎంటీయూ 7029ని మనం స్వర్ణ అంటాం. వశిష్ఠను మసూరితో కలిపి తీసిన రకం. మన సార్వాలోనే కాదు, ఒడిశా నుంచి అస్సాం దాకా ఆ వరి పండుతోంది. దానికున్న బలహీనత నీటి ముంపు. ఒడిశాలో పాతకాలం నుంచీ పండిస్తున్న ఎఫ్ఆర్ 13ఏ అనే దేశవాళీ వరి రోజుల తరబడి నీళ్లలో మునిగినా బతికేది. ఆ గుణానికి కారణమైన సబ్1ఏ అనే జన్యువును 2006 నాటికి పట్టుకున్నారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో స్వర్ణను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలో ఆకు ముక్క తీసి, ఆ జన్యువు ఉన్న మొక్కలేవో దాని ఆనవాలు చూపించే డీఎన్ఏ మార్కరుతో చూసి ఏరుకుంటూ పోయారు. 2009లో స్వర్ణ-సబ్1 మన దేశంలో విడుదలైంది. గింజ అదే, అన్నం అదే, రెండు వారాల దాకా మునిగినా మళ్లీ లేస్తుంది. ఇందులో పరాయి జీవి జన్యువు చొప్పించింది లేదు, వరిలోది వరికే తెచ్చారు. బయోటెక్నాలజీ అనగానే బీటీ పత్తి ఒక్కటే గుర్తొచ్చే మన పిల్లలకి ఈ కథ తెలియాలి. డ్రెయిన్లు పూడిపోయి చేలు మునిగే కోనసీమలో, ముంపుతో, గిట్టుబాటు ధర లేక విసిగి 2011లో రైతులు పంట విరామం ప్రకటించిన కోనసీమలో, ఈ పాఠం ఒక యూనిట్‌గానైనా లేకపోతే ఎలాగండి?

ఆ మార్కరు పరీక్షకు కావలసింది కూడా పీసీఆర్, జెల్ ట్యాంకే. రొయ్యకి నేర్చుకున్న చెయ్యి వరికి పనికొస్తుంది, వరికి నేర్చుకున్నది మనిషి రక్తానికి పనికొస్తుంది. కోవిడ్‌లో కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ల్యాబు ఆర్టీ-పీసీఆర్ పరీక్షలతో రాత్రీపగలూ నడిచింది. ఆ నెలల్లో ఈ విద్య వచ్చిన చేతులెక్కడున్నాయా అని ఊరూరా వెతుక్కున్నారు.

కొబ్బరికి రూగోస్ తెల్లదోమ పట్టి ఆకుల మీద నల్లటి మసి పేరుకున్నప్పుడు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఆ దోమను తినే మిత్రపురుగుల్ని, దోమను చంపే శిలీంధ్రాన్ని ల్యాబులో పెంచి రైతులకిచ్చారు. కొవ్వూరులో అరటి పరిశోధన ఉంది, పెదవేగిలో ఆయిల్‌పామ్ జాతీయ సంస్థ ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. కడియం నర్సరీల మాట చెప్పక్కర్లేదు. టిష్యూ కల్చర్, అంటే చిన్న మొక్క ముక్క నుంచి గాజు సీసాలో మొక్కలు పెంచే పని, నేర్చుకునే కుర్రాడికి ఇంతకన్నా దగ్గర బడి ఎక్కడుంటుంది? ఇవన్నీ బస్సు పాసు మీద వెళ్లిరాగల దూరంలోనే ఉన్నాయి. అయినా మన పిల్లలు మూడేళ్లలో ఒక్కసారైనా అక్కడి గేటు దాటకుండా డిగ్రీ పూర్తి చేస్తున్నారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఒకటుంది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో ఉండగా 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది, ఎంత నీలమైతే అంత ఫాస్ఫరస్. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇవాళ్టికీ ప్రపంచమంతా బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఉంది. తర్వాత అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఆయన బృందం ఫాలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్‌కు దారి తీసింది. మన డెల్టాలో తరాలుగా మనుషుల కాళ్లని ఏనుగు కాళ్లు చేసిన బోదకాలుకు డైఇథైల్‌కార్బమజీన్ మందునిచ్చింది. ఆయన పుట్టిన నేల మీద, ఆయన పేరు మోసే ప్రయోగాన్ని నేను చదివిన కాలేజీలో రికార్డులో రాయించారు, చేయించలేదు. సీనియర్ల రికార్డు చూసి రంగు గాఢత చెప్పే ఆప్టికల్ డెన్సిటీ అంకెలు దింపుకున్నాం. ఇప్పుడు మా ల్యాబుకొచ్చే పిల్లలనడిగితే చాలామంది అదే చెబుతున్నారు. ఆ ప్రయోగానికి కావలసింది రంగు గాఢత కొలిచే ఒక కలరిమీటరు, నాలుగు రసాయనాలు. కాలేజీ పక్క మురుగు కాలవలో నీళ్లు ముంచుకొచ్చి, రొయ్య చెరువు వదిలిన నీళ్లు ముంచుకొచ్చి, రెండింటిలో ఫాస్ఫేట్ ఎంతుందో పిల్లలచేత కొలిపించండి. చెరువుల్లో నాచు ఎందుకు విరగబూస్తుందో, కాలవ ఎందుకు కుళ్లుతుందో, పక్క వరిచేను రైతు ఎందుకు గొడవ పెట్టుకుంటున్నాడో వాళ్లకే అర్థమవుతుంది. ఆక్వా మనకి అన్నం పెడుతున్నమాట నిజమే, మన కాలవల్ని చెడగొడుతున్నమాటా నిజమే. రెండోదాన్ని కొలిచి చెప్పేవాళ్లు కావాలంటే వాళ్లూ బయోటెక్ గ్రూపులోంచే రావాలి.

ఉద్యోగం అడుగుతూ వచ్చే పిల్లల చేతికి ముందు అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపైపెట్ ఇస్తాను. రెండు మైక్రోలీటర్లు తియ్యమంటాను. మార్కులు బాగా తెచ్చుకున్న పిల్లలు కూడా బటన్‌కి రెండు అంచెలుంటాయని తెలియక దాన్ని చివరిదాకా నొక్కి ముంచుతారు. డీఎన్ఏ నుంచి ప్రోటీన్ ఎలా వస్తుందో చెప్పే సెంట్రల్ డాగ్మా అడిగితే గడగడా చెబుతారు, పాలిమరేజ్ గొలుసు చర్య (పీసీఆర్) బొమ్మ తప్పు లేకుండా గీస్తారు. తెలివితక్కువ వాళ్లు కారు. వాళ్ల చేతికి ఎవరూ పని ఇవ్వలేదు, అంతే. కొన్నిచోట్ల మిషను లేదు. కొన్నిచోట్ల ఉంది కానీ పాడైపోతుందని కవరు కప్పి తాళం వేశారు. ప్రాక్టికల్ బ్యాచ్‌లో పదిమంది ఒక టేబుల్ చుట్టూ నిలబడితే ల్యాబు అసిస్టెంటు చేస్తాడు, ముందు వరుసలో ఇద్దరు చూస్తారు. ఇది మార్చడానికి కొత్త భవనాలు అక్కర్లేదండి. పరీక్షలో ప్రతి విద్యార్థీ తనంతట తానే డీఎన్ఏ తీసి, జెల్ మీద నడిపి, గీత చూపించాలన్న నియమం పెట్టండి. ఆ ఒక్క నియమం పెడితే ఏడాదంతా నేర్పక తప్పదు.

మిషన్ల ఖర్చు మాటకొస్తే, ప్రతి కాలేజీ విడివిడిగా కొనక్కర్లేదు. తణుకు, భీమవరం, అమలాపురం, రాజమండ్రి, కాకినాడ లాంటి పట్టణాల్లో ఒక్కో చోట నాలుగైదు కాలేజీలు కలిసి ఒక ల్యాబు పెట్టుకోవచ్చు, వారానికో రోజు పంచుకోవచ్చు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డిగ్రీ కాలేజీల సైన్సు ల్యాబుల కోసమే స్టార్ కాలేజ్ పథకం పెట్టింది. దరఖాస్తు పెట్టుకునే అర్హత ఉన్న కాలేజీలు మన దగ్గర ఉన్నాయి. ఆ దరఖాస్తు రాయడానికి ఒక లెక్చరర్‌కి నాలుగు వారాలు వేరే డ్యూటీలు తగ్గించండి. అడ్మిషన్ల క్యాంపెయిన్‌కి ఊళ్లు తిప్పే బదులు ఆ పని చెయ్యనివ్వండి.

డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసినప్పుడు నేను ఎంతో సంతోషించాను. ఆచరణలో ఏమైందో మీకూ తెలుసు. డబ్బు కడితే ఆన్‌లైన్లో సర్టిఫికెట్ వస్తోంది. పిల్లలు ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి రిపోర్టు కట్టిస్తున్నారు. తప్పు వాళ్లది కాదు, వెళ్లడానికి చోటు చూపించని మనదే. హేచరీ యజమానుల్ని, ల్యాబుల వాళ్లని, ప్రాసెసింగ్ ప్లాంట్లని, పరిశోధన స్థానాల్ని కాలేజీ తరఫున అడగాల్సింది ప్రిన్సిపాలే. విద్యార్థి వెళ్లి "ఇంటర్న్‌షిప్ ఉందాండి" అని అడిగితే గేటు దగ్గరే పంపేస్తారు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం వెళ్లి, ఒక మాస్టారు స్వయంగా వచ్చి కూర్చుంటే ఒప్పుకోనివాళ్లు తక్కువ. మాకూ మనుషులు కావాలి కదా.

ల్యాబులో పని అంటే మిషను తిప్పడమే కాదని కూడా పిల్లలకి చెప్పాలి. సీడు అమ్మినవాడు ఫోను చేసి "మేడం, లోడు బయల్దేరిపోయింది, నెగటివ్ అని ఇచ్చేయండి" అంటాడు. అప్పుడు కుదరదని చెప్పగలగాలి. ఆ కాగితం నమ్మి లక్షల పిల్లల్ని చెరువులో వదిలే రైతు ముఖం తెలిసుండాలి. రీడింగు వచ్చినప్పుడే నోటుబుక్కులో రాయాలి, తప్పు పడితే చెరపకుండా ఒక గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వెయ్యాలి. టీకాల కంపెనీలో మొదటి నెలంతా నాకు నేర్పింది ఇదే. సీనియర్ల రికార్డులోంచి అంకెలు దింపుకునే అలవాటుతో వచ్చిన పిల్లలు అక్కడ చాలా కష్టపడతారు. ఆ అలవాటు కాలేజీలోనే మాన్పించండి.

ఇక ఉద్యోగాల సంగతి. అడ్మిషన్ల వేళ కరపత్రంలో "శాస్త్రవేత్త కండి" అని వేసి, మూడో ఏడు చివర్లో చేతులెత్తేయడం అన్యాయం. చేరేరోజునే తల్లిదండ్రులకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బీఎస్సీ ఒక్కదానితో దొరికేవి ల్యాబు టెక్నీషియన్ తరహా పనులు, ఫార్మా, టీకాల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ ట్రైనీ పనులు, హేచరీ, ఫీడు, ప్రోబయోటిక్ కంపెనీల పనులు. మొదటి జీతం చిన్నదే, పని వచ్చినకొద్దీ పెరుగుతుంది. ఆసుపత్రి ల్యాబుల్లో ప్రభుత్వ ఉద్యోగాలకి సాధారణంగా ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదువు అడుగుతారు, వ్యవసాయాధికారి పోస్టుకి అగ్రికల్చర్ డిగ్రీ కావాలి. ఇవి తెలియక చేరి తర్వాత కుమిలిపోయిన పిల్లల్ని చూశాను. అదే సమయంలో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకి కేంద్రం పెట్టిన అర్హతల్లో బయోటెక్నాలజీ డిగ్రీ పేరు స్పష్టంగా ఉంది. ఆ సంగతి మా ల్యాబుకొచ్చే పిల్లల్లో దాదాపు ఎవరికీ తెలియదు. హైదరాబాదులో, ఆసుపత్రి రికార్డులకు కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్‌లో చేరేవాళ్లూ చాలామందే. గౌరవమైన పనే, ఇల్లు నడుస్తుంది. కానీ దానికోసం మూడేళ్లు బయోటెక్నాలజీ చదవక్కర్లేదు.

పైకి చదవాలనుకునేవాళ్లకి దారులున్నాయి, వాటి పేర్లు రెండో ఏడాదిలోనే చెవిన పడాలి. బయోటెక్నాలజీ శాఖ సాయంతో దేశంలో పలు విశ్వవిద్యాలయాల్లో నడిచే ఎమ్మెస్సీలకు గ్యాట్-బి పరీక్ష ఉంది, చేరినవాళ్లకు నెలనెలా స్టైపెండు వస్తుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లేదా బెట్ పరీక్ష రాసి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి ముప్ఫై ఏడు వేలు, దానికి తోడు ఇంటద్దె భత్యం. అంటే పీహెచ్‌డీ చేసే పిల్ల ఇంటి మీద భారం కాదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే, "ఇంకెన్నాళ్లు చదువుతావే" అని పెళ్లి మాట ఎత్తే తండ్రి కాస్త ఆగుతాడు. సొంతంగా ఏదైనా చేయాలనుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వ బైరాక్ సంస్థ బిగ్ పథకం కింద యాభై లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. చెరువు గట్టు మీదే పావుగంటలో ఈహెచ్‌పీ తేల్చే చవకైన కిట్టు చేస్తానని ముందుకొచ్చే పిల్ల మన ఉండి నుంచో మలికిపురం నుంచో ఎందుకు రాకూడదు? హైదరాబాదు కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ మొదలైన 1993లో హెపటైటిస్-బి టీకా ఇక్కడ తయారవుతుందని నమ్మినవాళ్లు కొద్దిమందే. 1997కల్లా అది మార్కెట్లోకి వచ్చింది.

అమ్మాయిల గురించి ప్రత్యేకంగా రాయాలి. ఈ గ్రూపులో ఎక్కువమంది వాళ్లే. హైదరాబాదు హాస్టల్‌కి పంపడానికి ఇంట్లో ఒప్పుకోక, పక్క ఊళ్లో ల్యాబు ఉద్యోగముందని తెలియక, డిగ్రీ పట్టా బీరువాలో పెట్టుకుని ఉండిపోయినవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. మా పని ఇంటినుంచి రోజూ వెళ్లొచ్చే పని. సీడు సీజన్లో రాత్రి శాంపిళ్లు వస్తాయి, ఆ షిఫ్టులకి ల్యాబులే బండి పెట్టి ఇంటికి దింపాలని మా యజమానుల సంఘాల వాళ్లకీ ఇక్కడే చెబుతున్నాను. కాలేజీలు ఇంటర్న్‌షిప్ ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ షరతు పెట్టండి, కాదనరు.

డిగ్రీ పూర్తిగా ఇంగ్లీషు మీడియం అయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. పిల్లలు వాక్యాలు బట్టీ పడుతున్నారు, లోపల ఏం జరుగుతోందో అడిగితే చెప్పలేకపోతున్నారు. పరీక్ష ఇంగ్లీషులోనే రాయించండి, పాఠం మాత్రం తెలుగులో వివరించండి. రైతుకి రిపోర్టు చదివి చెప్పాల్సింది తెలుగులోనే. మా ల్యాబులో నేను ఎవరినైనా తీసుకునేముందు, వైట్ స్పాట్ (తెల్లమచ్చ) పాజిటివ్ అంటే ఏమిటో ఎదురుగా రైతున్నట్టు చెప్పమంటాను.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు ఒక విన్నపం. మీ సమావేశంలో పరిశ్రమ నుంచి ఒక సభ్యుడుండాలన్న నియమం ఉంది. ఆ కుర్చీలో ఒకసారి హేచరీ నడిపేవాళ్లని, ఒకసారి ఎగుమతి ప్లాంటు క్వాలిటీ మేనేజరుని, ఒకసారి మారుటేరు శాస్త్రవేత్తని కూర్చోబెట్టండి. ఆక్వా రోగాల మాలిక్యులర్ పరీక్షలు, పంటల్లో మార్కర్ల వాడకం, ల్యాబు రికార్డులు, శాంప్లింగ్ లెక్కలు కలిపి డెల్టా కోసం ఒక పేపరు రాయండి. ఉన్నదాంట్లో పాతబడ్డ యూనిట్లు ఏవో మీకే బాగా తెలుసు, చోటు దొరుకుతుంది.

ఈ ఏడాది అడ్మిషన్లు మొదలవకముందే ఒక పూట సమావేశం పెట్టండి. ఎక్కడైనా సరే, ఏ కాలేజీ సెమినార్ హాలైనా సరే. నేనొస్తాను, నాకు తెలిసిన ల్యాబుల వాళ్లని తీసుకొస్తాను. మా ల్యాబులో విడతకు నలుగురు విద్యార్థుల్ని తీసుకోవడానికి మా యజమాని ఒప్పుకున్నారు, బస్సు ఛార్జీలకు, మధ్యాహ్నం భోజనానికి సరిపడా ఇస్తాం. శాంపిల్ అందుకోవడం దగ్గర్నుంచి రిపోర్టు మీద సంతకం దాకా ప్రతి మెట్టూ వాళ్లచేత చేయిస్తాం. ప్రిన్సిపాల్ ఉత్తరం, పిల్లల పేర్లు, వాళ్లతో వారానికోసారి వచ్చి కూర్చునే ఒక లెక్చరర్ పేరు పంపండి. మొదటి విడతకు జూలైలో చోటుంది.

ఇట్లు,
భీమవరం రొయ్య సీడు పరీక్షల ల్యాబులో పనిచేస్తున్న ఒక బయోటెక్నాలజీ పట్టభద్రురాలు